సుభాని చేయించిన నల్ల పెట్టెలు

ఉదయగిరి బస్టాండు ఎదురుగా గోపాలయ్య కొట్టులో టీ గ్లాసుల్లోనే చల్లారిపోతోందంటే తప్పు టీది కాదు, పొయ్యిది అంతకన్నా కాదు. మహబూబ్ సుభాని మాట్లాడుతున్నాడని అర్థం. పక్కనే అతని చెక్క స్పూన్ల అంగడి ఉంది. మనిషి కూర్చుంటే సరుక్కి చోటుండదు, సరుకు పెడితే మనిషికి చోటుండదు. అందుకని సరుకును లోపల పెట్టి తాను గోపాలయ్య బెంచీ మీద కూర్చుంటాడు. గిరాకీ వస్తే లేచి వెళతాడు, రాకపోతే మాట్లాడతాడు. ఈ మధ్య మాట్లాడటమే ఎక్కువైంది.

సుభాని రూపాయి చెబితే అణా తీసుకోవాలని గోపాలయ్య అంటాడు. ఆ అణాని కూడా కొరికి చూసుకోవాలని ఆటో తోలే వినోద్ అంటాడు. అంటూనే ఇద్దరూ వింటారు. వినకపోతే ఆ బస్టాండులో పొద్దు పోయేదెట్లా?

ఆ రోజు వాళ్ళతో పాటు కొత్తగా ఒకామె ఉంది. పేరు కృపారాణి. నెల్లూరులో చిరుధాన్యాల హోటలు పెట్టబోతోంది. బల్లల మీద స్టీలు స్పూన్లు వద్దనుకుని చెక్క స్పూన్ల కోసం ఇంత దూరం వచ్చింది. ఎవరింట్లోనో ఉదయగిరి స్పూను ఒకటి చూసిందట. కాడ పొడుగునా తీగ, తీగ చివర విచ్చీ విచ్చని పువ్వు. అలాంటివి హోటలు నిండా కావాలంది.

తీగ, పువ్వు అనేసరికి సుభాని తన అంగడి వైపు చూశాడు. అంగడిలో స్పూన్లు బోలెడున్నాయి గానీ ఆ పువ్వు ఉన్నది ఒక్కటీ లేదు. ఆ పువ్వు చెక్కే చెయ్యి ఉదయగిరి మొత్తానికి ఒక్కటే, అతని సొంత అక్క మస్తాన్బీది. ఆ అక్క ఉలి ముట్టుకోవడం మానేసింది. ఎందుకు మానేసిందో ఈ భూమ్మీద అందరికంటే బాగా తెలిసినవాడు సుభాని. ఆ తర్వాత ఆమె ఆత్మకూరులో కూతురింటికి చేరింది. ఇతను ఆ గడప తొక్కలేదు.

“ఆ పువ్వు మా అక్కదమ్మా, పోయి అడిగి చూస్తా” అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నాలుక అతనిది గదా, దానికి తిన్నని దోవ అలవాటు లేదు. ముందు టీ తాగండి మేడం అని ఆమెను కూర్చోబెట్టి, గ్లాసు చేతికి అందకముందే మొదలుపెట్టాడు.

“స్పూన్లదేముంది మేడం, పెట్టె సంగతి అడగండి. ఈ ఊళ్ళో స్పూన్లు పుట్టినప్పటి నుంచీ వాటిని పాత పేపర్లో చుట్టి రబ్బరు బ్యాండేసి ఇచ్చేవోళ్ళే గాని, పెట్టెలో పెట్టి ఇచ్చినోడు ఒకడన్నా ఉండాడా అంటే, ఉండాడు, మీ ముందర కూర్చోనుండాడు. ఆత్మకూరులో ఒక కాంట్రాక్టరు కూతురి పెళ్ళి. వచ్చినోళ్ళందరికీ మన స్పూను, ఫోర్కు గిఫ్టు ఇస్తామన్నారు. ఉత్త స్పూను ఇస్తే ఏం మర్యాద అని నేను మద్రాసులో పెట్టెలు చేసేవోడికి ఫోన్ కొట్టినాను. నల్ల అట్ట, పైన బంగారు అక్షరాలు, లోపల ముఖమల్ గుడ్డ, ఆ గుడ్డలో స్పూను ఒదిగేటట్టు స్పూను ఆకారంలోనే గుంట, మూతకి మాగ్నెటు, ఇదీ నాకు కావాల్సింది అని చెప్పినాను. ఇంత చిన్న ఆర్డరుకి మేము మిషనే ఎక్కించం సారూ అన్నాడు. ఎక్కించొద్దులేరా నాయనా, దించి పెట్టుకో, నేను బొంబాయోడికి ఇచ్చుకుంటా అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఒప్పుకున్నాడు,” అన్నాడు గోపాలయ్య. ఆయన ఈ కథ చాలాసార్లు విన్నాడు.

“ఒప్పుకోవడమా? ఫోన్లోనే ఏడ్చినాడు. నీ అంత నాజూకైన గిరాకీ నా సర్వీసులో తగలలా అన్నాడు.”

ఫోన్ కొట్టిన మాట నిజం. ఏడ్చినంత పని చేసింది మాత్రం సుభాని. అది పోనీ. ఆ పెట్టెలవాడు తర్వాత ఇంకో మాట కూడా అడిగాడు. సుభాని ఎన్నిసార్లు ఈ కథ చెప్పినా ఆ మాట దగ్గర ఆగకుండా దాటేస్తాడు. శాంపులుగా పంపిన స్పూను అందాక ఆ మనిషి ఫోన్ చేసి, అన్ని స్పూన్లూ ఇదే సైజులో ఉంటాయా సార్, గుంట కోసేశాక మార్చడానికి కుదరదు అన్నాడు.

చేత్తో చెక్కిన స్పూన్లు ఎక్కడన్నా ఒక్క సైజులో ఉంటాయా? కర్ర ఎటు వంగితే కాడ అటు వంగుతుంది. ఒకరి చేతిలో తెడ్డు గుండ్రం, ఇంకొకరి చేతిలో కోల. మస్తాన్బీ చేసినవైనా రెండు పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి గానీ కవల పిల్లల్లా ఉండవు. ఉదయగిరిలో పుట్టిన ఎవరికైనా ఇది తెలుసు. సుభానికీ తెలుసు. కానీ మద్రాసువాడితో తేడాలుంటాయి సార్ అని చెప్పడానికి నామోషీ వేసింది. “వెంట్రుకవాసి తేడా ఉండదు. మావోళ్ళ చేతులు మిషన్లు,” అన్నాడు. అతని కోతలన్నీ ఎప్పుడో గాలికి పోయాయి. ఆ ఒక్క కోతను మాత్రం నమ్మి ఒకడు మిషన్లో పెట్టి కోశాడు.

కృపారాణి గ్లాసు పక్కన పెట్టి, పెట్టెలు సరే, స్పూన్లు చూపించండి అంది. సుభాని చెయ్యి అడ్డం పెట్టాడు.

“చూపిస్తా మేడం, యాడికి పోతాయి. ముందు పెట్టెలు ఎట్టా వచ్చినాయో ఇనండి. మామూలు మాగ్నెట్లయితే మూత పడతాది, లేస్తాది. నేను దగ్గరుండి చేయించినవి గదా. లారీ మద్రాసు దాటిందో లేదో, రోడ్డు పక్కన స్టాండేసి పెట్టిన సైకిళ్ళు స్టాండు తీసుకోని లారీ ఎనకమాల బయల్దేరినాయి. నెల్లూరు కాడికొచ్చేసరికి గడ్డపారలు, కొడవళ్ళు, బజ్జీలేసే బాణళ్ళు. బాణలి ఎనక బజ్జీలాయన. ఆత్మకూరు దాటినాక మన ఉదయగిరి బస్సు దాని దాపుకొచ్చింది. అంతే, అతుక్కుంది. డ్రైవరు ఇంజను ఆపేసినాడు, డీజిలు ఎందుకు దండగని. లారీనే లాక్కోనొస్తా ఉండాది.”

“మరి డ్రైవరేం చేసినాడన్నా?” అన్నాడు వినోద్.

“ఏం చేస్తాడు, కాళ్ళు బార్లా చాపుకోని నిద్రపోయినాడు. కండక్టరు మాత్రం టికెట్లు కొట్టినాడు, వాడి బాధ వాడిది. బస్సు బస్టాండులో ఆగలా, తిన్నగా నా అంగడి ముందరకొచ్చి ఆగింది. ఆగినాక కొండ మీద నుంచి దడదడా ఒకటే చప్పుడు. ఏందబ్బా అని తలెత్తి చూస్తే, కోటలో రాజుల నాటి ఇనప గుండు! దొర్లుకుంటా దొర్లుకుంటా మెట్లన్నీ దిగి, రోడ్డు కాడ అటూ ఇటూ చూసి, దాటి, నా అంగడి ముందర కుక్కపిల్ల మాదిరి కూర్చుంది.”

“అదేది ఇప్పుడు?” అన్నాడు గోపాలయ్య.

“నేనే మళ్ళీ భుజానేసుకోని పోయి పైన పెట్టొచ్చినాను. గవర్నమెంటు సొత్తు గదా, మనకెందుకు?”

కృపారాణికి టీ పొలమారింది. నవ్వుతూనే కొంగుతో మూతి తుడుచుకుంది. మనిషి నవ్విందంటే కాసేపు కూర్చుంటుంది, కాసేపు కూర్చుంటే పువ్వు సంగతి మరిచిపోతుంది అనుకున్నాడు సుభాని. అతనికి ఊపిరాడింది. సరిగ్గా అప్పుడే బెంచీ చివర ఒక సంచీ పెట్టి ఎవరో కూర్చున్నారు. తల తిప్పి చూస్తే నగ్మా. మస్తాన్బీ కూతురు.

ఏదో సర్టిఫికెట్టు పని మీద ఉదయగిరి వచ్చిందట, ఆత్మకూరు బస్సు కోసం చూస్తోంది. బాగుండావా మామూ అంది. బాగుండానమ్మా అన్నాడు. అంతటితో ఇద్దరి మాటలూ అయిపోయాయి. అక్క ఎట్లా ఉందని అడగాలి. అడగాలనే ఉంది. అడిగితే ఆ పిల్ల ఏం చెబుతుందో అని భయం వేసింది. గోపాలయ్య నగ్మాకి టీ ఇచ్చాడు. వినోద్ మాత్రం కథ మధ్యలో ఆగిందని దిగులుపడి, పెట్టెలు దిగినాక ఏమైందన్నా అని ఎగదోశాడు.

పెట్టెలు దిగినాక ఏమైందో సుభాని కళ్ళ ముందే ఉంది. చెక్కేవాళ్ళందరినీ అంగడి ముందుకు పిలిచాడు. నల్లగా నిగనిగలాడుతున్న పెట్టెలు చూసి అందరి మొహాలూ వెలిగాయి. మస్తాన్బీ ఒక పెట్టె ఒళ్ళో పెట్టుకుని మూత తీసి వేసి, తీసి వేసి, ఎంత బాగుండాదిరా అని మురిసింది. తరువాత స్పూను పెట్టి చూశారు. పట్టలేదు. ఇంకొకటి పట్టలేదు. ఒకటి గుంటలో గలగలలాడింది, ఒకటి లేచి నిలబడింది, ఒకదానికి పువ్వు అడ్డమొచ్చి మూత పడలేదు. పెళ్ళి నెత్తి మీదికొచ్చింది. సుభాని అందరి చేతికీ ఆకురాళ్ళు ఇచ్చి, పెట్టెకు సరిపోయేదాకా రుద్దమన్నాడు.

“పువ్వు పోతాదిరా,” అంది మస్తాన్బీ.

“పోతే పోనీ ఆపా. మూత పడాల,” అన్నాడు.

అక్క తల వంచుకుని తన పువ్వులు తానే రుద్దింది. చెక్కపొడి మోచేతుల దాకా అంటుకుంది. కొంగుతో తుడుచుకోలేదు కూడా. ఆ మాట అన్న నోటినే పెట్టుకుని సుభాని ఇన్నాళ్ళూ తింటున్నాడు, నవ్వుతున్నాడు, ఊరందరినీ నవ్విస్తున్నాడు. దాన్ని వెనక్కి తీసుకునే దారి మాత్రం అతనికి దొరకలేదు.

ఇప్పుడు ఆమె కూతురు బెంచీ చివర కూర్చుని వింటోంది. ఆపాలి. ఆపితే ఎందుకు ఆపినావని అడుగుతారు. అబద్ధం ఆడినవాడికి పరుగు ఆపడం ఎంత కష్టమో ఆ క్షణం సుభానికి బాగా తెలిసింది. అందుకని ఇంకా వేగం పెంచాడు.

“పెళ్ళిలోనా? అబ్బో, ఆ పెళ్ళి గురించి ఏం చెప్పేది వినోదూ. పెట్టె చేతికిచ్చేటప్పటికి జనం బువ్వ మర్చిపోయినారు. లోపల ముఖమల్ గుడ్డ ఉండాదే, దాని మీద చెయ్యి పెడితే చాలు కళ్ళు మూతలు పడతాయి. కాంట్రాక్టరు వాళ్ళ అవ్వకి ఎన్నో ఏండ్లుగా నిద్ర పట్టదంట, మూత తీసి ముఖం పెట్టింది, గురక! పెండ్లికొడుకు ఏందిది అని వేలు పెట్టినాడు, పీటల మీదనే ఒరిగినాడు. ఆయన్ని లేపేదానికి బ్యాండు మేళం చెవి కాడ పెట్టి వాయించాల్సి వచ్చింది. వంటోళ్ళ చేతుల్లో గరిటెలు మాగ్నెట్టుకి ఎగిరిపోతా ఉంటే ఒకాయన సాంబారు గరిటె వదలకుండా దాంతోపాటు స్టేజీ దాకా పోయినాడు. ఫోటోలో కూడా ఉండాడు, పెండ్లికూతురి పక్కన, గరిటెతో.”

“బంధువనుకోనుంటారు,” అన్నాడు గోపాలయ్య.

“అనుకున్నారు, బట్టలు కూడా పెట్టినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

నగ్మా టీ తాగడం లేదు. గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని మేనమామ నోటి వంకే చూస్తోంది. ఆ పెళ్ళికి ఆమె కూడా వచ్చింది. తల్లి పక్కనే ఉంది. తన స్పూన్లు అంతమంది చేతుల్లో చూసుకోవాలని మస్తాన్బీ బీరువాలోంచి మంచి చీర తీసి కట్టుకుని వచ్చింది. జనం పెట్టెలు తెరిచారు. పువ్వు లేని, తీగ లేని, రుద్ది రుద్ది ఐసుపుల్లల్లాగా అయిపోయిన వాటిని చూశారు. పెట్టె బాగుంది, గాజులు పెట్టుకోవచ్చు అన్నారు. స్పూన్లు తీసి బల్లల మీద వదిలి, ఖాళీ పెట్టెలు సంచుల్లో వేసుకుని వెళ్ళారు. బల్లలు ఎత్తేవాళ్ళు ఆ స్పూన్లను విస్తళ్ళతో కలిపి తొట్లోకి ఊడ్చారు. మస్తాన్బీ ఆ తొట్టి దగ్గర కాసేపు నిలబడింది. పోదాం పదమ్మా అని కూతురి చెయ్యి పట్టుకుని నడిచి వెళ్ళిపోయింది. సుభాని హాలు అవతలి పక్క నుంచి చూశాడు. పరుగెత్తి వెళ్ళి ఆపా అని పిలిస్తే వినపడే దూరమే. పిలవలేదు. పెళ్ళిపెద్ద ఎవరో పెట్టెల్ని మెచ్చుకుంటుంటే ఆ పొగడ్త వింటూ నిలబడిపోయాడు.

“దుబాయి షేకుకి తెలిసింది,” అన్నాడు సుభాని. గొంతు కొంచెం పైకి లేచింది. “ఎట్టా తెలిసిందని అడగబాకండి, వాళ్ళకన్నీ తెలుస్తాయి. నాకిట్టాంటి పెట్టె ఒకటి కావాలన్నాడు. ఎంత సైజు సామీ అంటే, మా ఇంటోళ్ళందరం పట్టేంత అన్నాడు. చేయించినాను. మూడంతస్తులు, లోపలంతా ముఖమల్, పైన మాగ్నెటు మూత. పొద్దున మూత తీస్తే తెల్లారేది, సాయంత్రం మూత వేస్తే పొద్దు గూకేది. సూర్యుడికి వాళ్ళింట్లో పనే లేదు. ఓడలో పంపితే సముద్రంలో లంగర్లన్నీ ఊడొచ్చి దానికి తగులుకున్నాయి, దానెనక ఓడలు, ఓడల ఎనక...”

“చేపలు,” అన్నాడు వినోద్.

“చేపలెందుకు వస్తాయిరా? వాటికి ఇనుముండాదా? కొంచెం నమ్మేటట్టు మాట్లాడు,” అన్నాడు సుభాని.

గోపాలయ్య పొయ్యి దగ్గర కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. కృపారాణి కూడా నవ్వింది. నవ్వు తగ్గాక చేతి గడియారం చూసుకుని, ఇక పనిలోకి వచ్చే మనిషిలాగా బెంచీ అంచుకు జరిగింది.

“సుభానీ గారూ, ఇంతసేపు పెట్టె గురించి చెప్పారు. దాంట్లో పెట్టిన స్పూను గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. నాకు పెట్టెలు వద్దండీ. ఆ పువ్వు స్పూన్లు కావాలి. అవి చేసేది ఎవరు?”

సుభాని నోరు తెరిచాడు. ఎన్ని కావాలంటే అన్ని చేయిస్తా మేడం అనబోయాడు. నగ్మా ముందు మాట్లాడింది. గొంతు పెంచలేదు.

“ఆ పువ్వు మా అమ్మది మేడం.”

“ఇప్పుడు చేస్తున్నారా ఆమె?”

“లేదు. ఆత్మకూరులో స్వీటు షాపులో పనికి పోతా ఉండాది. మిఠాయి పెట్టెలు మడిచే పని. పొద్దున పోతే సాయంత్రం దాకా అట్టలు మడవడమే.”

సుభానికి ఈ సంగతి తెలియదు. అక్క కూతురింట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటుందని తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. తన కోతల్లో తాను నమ్మింది అదొక్కటే.

నగ్మా అతని వైపు తిరిగింది. “షాపోళ్ళకి ఆమంటే నవ్వులాట మామూ. ప్రతి పెట్టె మడిచే ముందర, దీంట్లో ఏం పెడతారో తెచ్చి చూపించమంటాది. లడ్డో, మైసూరుపాకో తెచ్చి చూపిస్తేనే అట్ట ముట్టుకుంటాది. ఎందుకు ముసలామె ఇట్టా చేస్తాదని నన్ను అడుగుతారు. నేను వాళ్ళకి ఏం చెప్పేది?”

సుభాని చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. వినోద్ గ్లాసు కింద పెట్టాడు, చప్పుడు కాకుండా.

ఆత్మకూరు బస్సు వచ్చి ఆగింది. నగ్మా సంచీ తీసుకుని లేచింది. కృపారాణి కూడా లేచి, నెల్లూరు పోవాలంటే నాకూ ఇదే దారి గదమ్మా, మీ అమ్మ గారిని చూసి పోతాను, చెయ్యనంటే బలవంతం పెట్టనులే అంది. నగ్మా తల ఊపింది. ఇద్దరూ బస్సెక్కారు. అక్క దగ్గరికి ఒక పరాయి మనిషి ఇంత సులువుగా బయలుదేరడం సుభాని చూశాడు. తనకు ఇన్నాళ్ళూ కొండంత దూరమనిపించిన ఊరు, ఇదిగో, బస్సెక్కితే గంట పైచిలుకు దారి.

లేచి నిలబడ్డాడు. రెండడుగులు వేశాడు కూడా. ఫుట్‌బోర్డు మీద నిలబడి నగ్మా వెనక్కి చూసింది.

“నువ్వూ రా మామూ. అమ్మ ఏమీ అనదు.”

బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నాయి. అంగడికి తాళం వేయకపోయినా గోపాలయ్య చూసుకుంటాడు. వస్తున్నానమ్మా అనడానికి అతను నోరు తెరిచాడు. లోపల మనసు ఆ మాటే అంటోంది, దేవుడికి తెలుసు. కానీ బెంచీ మీద నుంచి వినోద్ చూస్తున్నాడు, గోపాలయ్య చూస్తున్నాడు, కిటికీలోంచి కృపారాణి చూస్తోంది. అంతమంది చూస్తుండగా అక్క కాళ్ళ దగ్గరికి పోతున్నానని ఒప్పుకోవడం ఆ నోటికి చేతకాలేదు.

“ఈ డొక్కు బస్సులో నేనేం వస్తానమ్మా,” అన్నాడు సుభాని. “రేపు పొద్దున్నే నా కార్లో వస్తానని చెప్పు.”

నగ్మా సరే అని చెప్పి లోపలికి వెళ్ళింది. కండక్టరు విజిలేశాడు. బస్సు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా సుభాని రోడ్డు మీదే నిలబడ్డాడు.

వినోద్ లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎగతాళి చేయాలనుకుంటే అంతకంటే మంచి సమయం లేదు. కానీ వినోద్ చాలా నెమ్మదిగా, అతనికి మాత్రమే వినపడేలా అడిగాడు.

“ఏ కారన్నా?”